ఆరింటి సైరన్

ఎండలు ముదిరి, ఊరంతా పగలు పడుకొని రాత్రి పనిచేసే రోజులవి. సాయంత్రం ఆరింటికి వాడవాడనా సైరన్ మోగేది. నాలుగేళ్ల శర్వాణికి సరిగ్గా అప్పుడే మూర్ఛ వచ్చేది. వేడే కారణమంది వైద్యయంత్రం. అమ్మమ్మ సుభద్ర నమ్మక, మూర్ఛ వచ్చిన వేళనూ ఆనాటి వేడినీ రోజూ రాసిపెట్టింది. సైరన్ చెడిన మూడు రోజులూ వేడి తగ్గలేదు. కానీ పాప తనంతట తానే లేచింది, మూర్ఛ రాలేదు.

ఆమె సైరన్ మోగించే కొమురయ్య దగ్గరికి వెళ్లింది.

"గాఢనిద్రలో ఉలిక్కిపడి లేవడమే కారణమేమో. మా వాడలో నెలరోజులు ఆపు, తేల్చుకుంటా."

"ఆపితే జనం ఎట్ల లేస్తరు పెద్దమ్మా? డ్యూటీలు పోతే నన్ను తంతరు!"

"నలభై ఇండ్లే గదా. నేనే లేపుతా."

ఆ సాయంత్రం సుభద్ర ముప్పై తొమ్మిది తలుపులు తట్టింది. నలభయ్యోది తనది, దాని ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచింది.