పేలని తుపాకీ

సిర్గా వసారాలో కూర్చుని ఉన్నిలోంచి ముళ్లు ఏరుతోంది. లోపల మామగారు మళ్లీ పెట్టె తెరిచాడు. దుప్పట్లు, పాత కోట్లు ఒక్కొక్కటే నేల మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏం వెతుకుతున్నారు మామయ్యా?"

"నా తుపాకీ. ఎక్కడ దాచారు?"

"వెతుకుదాం లెండి. టీ చల్లారిపోతోంది, ముందు తాగండి."

"సగిన్ వచ్చాడా?"

"ఇంకా రాలేదు."

"నీ మొగుడికెప్పుడూ ఆలస్యమే. వాడొచ్చేలోగా తుడిచి పెట్టుకోవాలి," అని మంబెతాలి మళ్లీ పెట్టెలోకి వంగాడు.

తుపాకీ ఇంట్లో దొరక్కపోతే కొండ మీద మరిచిపోయాననుకుని ఆయన బయల్దేరిపోతాడు. మొన్న బూట్లు కూడా లేకుండా మంచులో పోయాడు. గొర్రెల కాపరులు చూసి గుర్రం మీద వేసుకొచ్చారు. కాలివేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఇంకోసారి పోతే ఎవరి కంటా పడకపోవచ్చు. ఆ తుపాకీని నిరుడే అత్తగారు నదిలో పారేసింది. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఆ మాట నిలవదు.

అందుకే సిర్గా కనుమ అవతల పాతసామాను కొని అమ్ముకునే తొక్తొసున్‌కు కబురు పెట్టింది. మామగారి పాత తుపాకీ లాంటిదే కావాలంది. రష్యా జార్ చక్రవర్తుల కాలం నాటి బెర్దాన్ రకం తుపాకీ.

మధ్యాహ్నానికి అతను వచ్చాడు. గడ్డానికి పట్టిన మంచు దులుపుకుంటూ, కంబళిలో చుట్టి తెచ్చినదాన్ని వసారాలో విప్పాడు.

"మీ ఆయన్ని పిలువు చెల్లెమ్మా. తుపాకీ బేరం ఆడవాళ్లతో ఏం ఆడను?"

"ఆయన ఇంట్లో లేడు. నాతోనే ఆడు."

"సరే, నీ ఇష్టం. చెక్క చూశావా? గొట్టం చూశావా, అద్దంలా ఉంది."

"పేలుతుందా?"

తొక్తొసున్ రొమ్ము విరుచుకున్నాడు. "పేలుతుందా అని అడుగుతావేంటి! ఉరుము ఉరిమినట్టు పేలుతుంది. మా తాత దీంతో తోడేళ్లని కొట్టాడు."

"అయితే వద్దు. తీసుకెళ్లిపో."

అతను కనుబొమ్మలు ఎగరేశాడు. "వద్దా?"

"పేలే తుపాకీ నాకొద్దు."

"అదేంటి చెల్లెమ్మా? పాలివ్వని ఆవు కావాలన్నట్టుంది."

"తూటాలు దొరుకుతాయా దీనికి?"

తొక్తొసున్ ఆమె ముఖంలోకి చూసి, గొంతు మార్చాడు. "నిజం చెప్పనా? దొరకవు. ఆ తూటాలు చెయ్యడం మా తాత తరంలోనే మానేశారు. వాడేసిన తూటాల ఇత్తడి తొడుగులు దాచుకున్న వాళ్లు మందు కూరుకుని కాల్చేవాళ్లు. అవీ ఇప్పుడు ఎవరి దగ్గరా లేవు. ఇందాక ఉరుముతుందన్నానే, అది వ్యాపారం. ఇది చచ్చినా పేలదు."

"ఒట్టు?"

"నా గుర్రం మీద ఒట్టు. ఇంకో తుపాకీ తూటా పెడదామన్నా పట్టదు. నువ్వే పెట్టి చూసుకో."

"ఒక గొర్రె ఇస్తాను."

"పేలని తుపాకీకి గొర్రెనా!" అనేసి నాలుక కరుచుకున్నాడు. "మంచి బేరమే. బాగా బలిసింది చూసి ఇవ్వు."

అప్పుడే అత్తగారు బాత్మా పాలచెంబుతో లోపలికి వచ్చింది. తుపాకీని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దాన్ని బయటికి తీసుకుపోండి."

"అత్తయ్యా, ఇది పేలదు."

"పేలకపోతే మాత్రం?"

"చేతిలో ఉంటే ఇంట్లోనే కూర్చుంటారు. లేకపోతే ఈసారి మంచులోంచి శవాన్ని తెస్తారు."

బాత్మా చెంబు కింద పెట్టింది. కోడలి వైపు తిరిగింది. "రోజూ దీన్ని చూస్తూ ఉండగలవా నువ్వు?"

"ఉండగలను."

"నువ్వే ఉండగలిగితే నేనేం చెప్పను," అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

తొక్తొసున్‌కు ఏమీ అర్థం కాలేదు. గొర్రె మెడకు తాడు కట్టుకుని, ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్లాడు.

తుపాకీ ఒళ్లో పెట్టగానే మంబెతాలి ముఖం వెలిగింది. "చూశావా, ఇంట్లోనే ఉంది! నేను చెబితే నమ్మలేదు మీరు." గొర్రెకొవ్వు అడిగి తీసుకుని గొట్టాన్ని తుడిచాడు. చెక్కను తుడిచాడు. వణికే వేళ్లు ఆ పని మీద మాత్రం వణకలేదు. రెండు గిన్నెల సేమ్యా చారు తాగి, ఇంకా ఉందా అని అడిగాడు. ఎన్ని నెలలకో ఆయన తిండి అడగడం. సిర్గా అత్తగారి వైపు చూసింది. బాత్మా ముఖం తిప్పుకుంది కానీ, మూడో గిన్నె ఆమే తెచ్చి ముందు పెట్టింది.

పొద్దు వాలేవేళకు ఆయన కిటికీ దగ్గరికి జరిగాడు. తుపాకీ భుజానికి ఆనించి, ఎదురుగా ఉన్న కొండ మీదికి గురిపెట్టాడు.

"సగిన్, నువ్వు అటు తిరిగి వెళ్లి కొండమేకల్ని ఇటు తోలుకురా. నేనిక్కడే కాస్తాను," అన్నాడు గుసగుసగా.

సిర్గా చేతిలో ఉన్ని కదలలేదు.

"పొగమంచు కమ్ముతోంది, తొందరగా రా... అదిగో, రాళ్ల వెనక కదిలింది. కొండమేకే. మాట్లాడకండెవరూ."

టిక్కుమంది తుపాకీ.

ఆ చిన్న చప్పుడుకు ఆయన భుజం వెనక్కి తుళ్లింది. గురి దించలేదు. రాళ్ల వైపు అలాగే చూస్తున్నాడు.

తుపాకీని మెల్లగా నేల మీద పడుకోబెట్టాడు. సిర్గా వైపు తిరిగాడు. సగిన్ వచ్చాడా అని అడుగుతాడేమోనని, ఎప్పటి జవాబు ఆమె నోటి దాకా వచ్చింది. ఆయన అడగలేదు. ఆమె ముఖాన్ని మాత్రం చూశాడు. తర్వాత చూపు కిందికి వాలింది.

లేచి, టోపీ కూడా పెట్టుకోకుండా, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

సగిన్‌ని కాల్చింది ఆయనే.