తెర వెనక గుండు

"నోరు తెరువు బిడ్డా. ఒక్క మాట చెప్పు."

నళిని నోరు తెరవలేదు.

ఆరేళ్ల పిల్ల. ఇంట్లో వసపిట్టేనట. టీవీ లైట్లు మొహాన పడగానే బిగుసుకుపోయింది.

హైదరాబాదుకు టీవీ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఒక హాలు కిరాయికి తీసుకుని, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, పిల్లల కార్యక్రమం తీస్తున్నారు. తీసేదీ ప్రహ్లాదే, పిల్లలతో మాట్లాడేదీ ప్రహ్లాదే. ఈ సాయంత్రానికి ముగించకపోతే కార్యక్రమం ఇంకొకరికి ఇచ్చేస్తామని పైవాళ్లు చెప్పేశారు.

"ఇప్పుడు గుండు ఉంటేనా..." అన్నాడు ప్రహ్లాద్.

"మల్ల గుండేనా సార్?" అన్నాడు సౌండు చూసే వామన్‌రావు.

గుండు రేడియో పిల్లాడు. ఇరవై ఏళ్ల కిందట ఆదివారం పిల్లల కార్యక్రమంలో పక్క గదిలోంచి అల్లరి మాటలు విసిరేవాడు. గొంతు వినడమే తప్ప ఎవరికీ కనిపించేవాడు కాదు. చూడబోతే మాయమైపోతాడని పిల్లలకు చెప్పేవారు.

అప్పట్లో చిన్నపిల్లాడైన ప్రహ్లాద్ కూడా ఆ రేడియో మైకు ముందు ఇలాగే బిగుసుకుపోయాడు. పక్క గదిలోంచి గుండు అరిచాడు.

"ఏందిరా, నీ నోట్ల పల్లి ఇరికిందా?"

ప్రహ్లాద్ పక్కున నవ్వాడు. ఆ నవ్వుతో మొదలైన మాటలు ఇవ్వాళ్టికీ ఆగలేదు. ఇప్పుడు అన్నం పెడుతున్నవీ అవే.

పోయిన వారం టీవీలోనే అడిగాడు. "పిల్లలూ, మీరందరూ నాంపల్లికి రండి. గుండూ, ఎక్కడున్నా నువ్వూ రా."

అప్పటి నుంచి మీసాలున్న మనిషి ఎవరు లోపలికి వచ్చినా ఆశగా లేచి నిలబడుతున్నాడు.

వచ్చింది ఒక పెద్దావిడ. చేతిలో గుడ్డసంచి.

"అబిడ్స్‌ల దుకాణం ముంగట నిలబడి టీవీ చూసిన బిడ్డా. నువ్వు రమ్మన్నవ్ గదా, వచ్చిన."

"పిల్లల్ని రమ్మన్నమమ్మా. మీ మనుమడేడి?"

"మనుమడు లేడు. జర పక్కకు వస్తవా? పిల్లల ముంగట చెప్పేది గాదు."

"టైం లేదమ్మా. పొద్దుగూకేలోపల అయిపోవాలె."

"నేను గూడ గిదే నౌకరి చేసిన బిడ్డా. ఏండ్లకేండ్లు."

"టీచరమ్మనా?"

ఆవిడ పిల్లల వంక చూసింది. అందరూ చెవులప్పగించి వింటున్నారు.

"గట్లనే అనుకో" అంది.

"అయితే గా తెర వెనక కూసోండ్రి. అయిపోయినంక మాట్లాడుదాం."

"నా బండికి ఇంక టైమున్నది తియ్యి" అని ఆవిడ తెర వెనక్కి వెళ్లింది.

అంతలో ఫ్యూజు పోయింది. హాలంతా చీకటి. నళిని ఏడుపు అందుకుంది.

ప్రహ్లాద్ తన తలరాతను తిట్టుకుంటూ కరెంటు మనిషి కోసం పరుగెత్తాడు. ఇదే సందని వామన్‌రావు చాయ్‌కి వెళ్లాడు. బ్యాటరీ మీద నడిచే టేపును ఆపడం మరిచాడు.

లైట్లు వచ్చేసరికి నళిని కడుపు పట్టుకుని నవ్వుతోంది. ఆ తర్వాత ఆ పిల్లను ఆపడమే కష్టమైంది. మిగతా పిల్లలూ అందుకున్నారు. పొద్దుగూకకముందే పని పూర్తయింది.

పిల్లలంతా ఇళ్లకు వెళ్లాక, సామాను సర్దుతూ వామన్‌రావు టేపు వెనక్కి తిప్పి పెట్టాడు.

మొదట నళిని ఏడుపు. తర్వాత తెర చాటునుంచి వచ్చినట్టు ఒక మగపిల్లాడి గొంతు.

"ఏందే, నీ నోట్ల పల్లి ఇరికిందా?"

ప్రహ్లాద్ చేతిలోని వైరు జారిపడింది.

"గుండు! గుండు వచ్చిండు!"

"ఇది చిన్న పిల్లగాని గొంతు గద సార్. గుండుకు ఇప్పుడు మీ అంత వయసుంటది."

"అయితే కొడుకును తోలుకొచ్చిండు. తండ్రి గొంతే వచ్చింది వానికి!"

తెర ఎత్తి చూశాడు. ఖాళీ కుర్చీ.

గేటు దాకా ఒక్క పరుగు తీశాడు. ఇరవై ఏళ్ల నుంచి చెప్పాలనుకున్న మాట ఇవ్వాళైనా చెప్పాలి.

"బాలమల్లూ! లైట్లు పోయినప్పుడు తెర వెనక ఒక పిల్లగాడున్నడు. వాళ్ల నాయన గూడ ఉండి ఉంటడు. ఎటు పోయిన్రు?"

గేటు దగ్గరి బాలమల్లు స్టూలు మీంచి లేచాడు.

"తెర వెనక పిల్లగాడా? ఎవ్వరు లేరు సార్. సంచి పట్టుకొని గా ముసలమ్మ ఒక్కతే బయటికొచ్చింది. పట్నం ఇడిసిపెట్టి పోతున్నదట, బండి టైమైందని టేషన్ దిక్కు పోయింది."