శ్లోకంలో దొరికిన విత్తనం

“ఆపండి. ఎవరండీ ఆయన?” అన్నారు సైంటిస్టుగారు.

గాంధీనగర్‌లోని ఎడిటింగ్ గదిలో ట్రైలర్ ఆగింది. తెర మీద హీరో ల్యాబ్‌లో పద్మాసనం వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ సాంబ్రాణి పొగ. గాల్లో బంగారు అక్షరాలతో ఒక శ్లోకం, అందులోంచి రాలిపడుతున్న వరిగింజ.

“మీరేనండి,” అన్నాడు డైరెక్టర్ ఉదయభాస్కర్ సంతోషంగా. “ఉప్పు నేలలో పండే వరిని మీరు కనిపెట్టే సీను. ఇక్కడ థియేటర్ ఊగిపోద్దండి.”

“దాన్ని నేను కృత్తివెన్ను చేలల్లో, మోకాలి లోతు బురదలో కనిపెట్టానండీ. నాటిన నారు నాటినట్టే మాడిపోయేది. రైతులు నష్టపోయి కూడా మళ్ళీ చేలు ఇచ్చారు. వాళ్ళేరీ ఇందులో?”

“బురద జనం రోజూ చూసేదే గదండీ. సైంటిస్టు ఉపనిషత్తులు చదవడం, అదీ కొత్త పాయింటు. శాంభవే చెప్పింది.”

కథ రాసిన శాంభవి మూలన కూర్చుని ఉంది. ఎన్నో ఆదివారాలు గుణదలలో ఆయన ఇంటికి వెళ్ళి, చెప్పినదంతా రికార్డు చేసుకున్న అమ్మాయి.

“నేను రాసింది ఇది కాదు సార్,” అంది తలెత్తకుండా.

“ఉపనిషత్తులు చదువుతాను. సంస్కృతం నేర్చుకుని మరీ చదివాను,” అన్నారాయన డైరెక్టర్ వైపు తిరిగి. “ఎందుకో కూడా ఈ అమ్మాయికి చెప్పాను. ఒకదాంట్లో తండ్రి కొడుకుని మర్రిపండు కోయమంటాడు. లోపలి గింజ చీల్చమంటాడు. ఏం కనిపిస్తోందో చెప్పమంటాడు. ఊరికే నమ్మమనడు బాబూ, చూడమంటాడు. అది చదివినప్పుడల్లా నాకు మళ్ళీ చేలోకి దిగాలనిపించేది. కళ్ళు తెరిచి చూడమన్న పుస్తకం చేతికిచ్చి, మీరు నా కళ్ళు మూయించారు.”

“సినిమా అన్నాక కాస్త…”

“కాస్తా? రైతుల కష్టం మింగేశారు. నా పని మింగేశారు. అంత గొప్ప గ్రంథాన్ని గారడీవాడి సంచి చేశారు.” శాంభవి మంచినీళ్ళు అందిస్తే వద్దన్నారు. “సీను మార్చండి.”

“రిలీజు డేటు ఇచ్చేశామండి. ఇప్పుడు కుదరదు.”

ఆయన లేచి నిలబడ్డారు.

“అయితే ఒక్క పని చెయ్యండి. ఈ అబద్ధంలో ఎక్కడా నా పేరు కనపడకూడదు. తీసెయ్యండి.”

శాంభవి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఉదయభాస్కర్ మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

“అంతేనా? దాని గురించి మీరేం బెంగపెట్టుకోకండి, అది మొదట్లోనే తీసేశాం. హీరో పేరు రామశాస్త్రి,” అన్నాడు ఎంతో మర్యాదగా. “ఉపనిషత్తులు చదివే సైంటిస్టు పేరు స్టీఫెన్ అంటే, జనం నమ్మొద్దండీ?”