ఎర్ర పొడి

మాజిద్ విసిరిన ఆయిల్ సీల్ కౌంటర్ మీద గింగిరాలు తిరిగి, సరిగ్గా అజయ్ ముందు ఆగింది.

“గిదేనా నీ ఒరిజినల్?” అన్నాడు మాజిద్. “సారయ్యన్న బండి మల్ల వాపసొచ్చింది. ముందు షాకప్పులు రెండూ కారుతున్నయి.”

కాటారం చౌరస్తాలో ఆ రెండు మడిగెలకు కలిపి ఒకటే బోర్డు. ఒక మడిగెలో మాజిద్ బండ్లు బాగుచేస్తాడు. పక్క మడిగెలో అజయ్ సామాన్లు అమ్ముతాడు. ఒకరి పేరు పెద్దగా, ఇంకొకరిది చిన్నగా పడకూడదని పెయింటర్‌తో స్కేలు పెట్టి రాయించుకున్నారు.

సారయ్య బెంచీ మీద కూర్చొని మోకాలు రుద్దుకుంటున్నాడు. షాకప్పు నుంచి కారిన ఆయిల్ ముందు బ్రేకు మీద పడిందట. కల్వర్టు దగ్గర బ్రేకు పట్టలేదు. బండి నేరుగా నాటేసిన పొలంలోకి దిగింది. వెనక కూర్చున్న భార్య కొమురవ్వ బురదలోంచి లేచి, కొంగు పిండుకొని, మహదేవపూర్ బస్సెక్కి తల్లిగారింటికి పోయింది.

“ఇంట్ల బండన్న ఉండాలె, నేనన్న ఉండాలె అన్నది,” అని సారయ్య అప్పటికే చెప్పిన మాటను మళ్లీ చెప్పాడు.

మాజిద్ కోపం ఆ ఒక్క బండి గురించే కాదు. అజయ్ ఇచ్చిన సీళ్లు వేసిన బండ్లన్నీ వరసపెట్టి తిరిగొస్తున్నాయి. బిగించడంలో తప్పు లేదు. రాడ్లు వంగలేదు. ఆయిల్ కొలిచే పోస్తున్నాడు. ఇక మిగిలింది మాల్ ఒక్కటే. ఆ మాట చౌరస్తా అంతా వినేలా అన్నాడు.

అజయ్ పెట్టె తీసి చూపించాడు. పెట్టె మీది కంపెనీ ముద్ర చూపించాడు. మాజిద్ అటు చూడనే లేదు. అజయ్ ఆ పాత సీల్ చేతిలోకి తీసుకొని లోపలి అంచు వెంట వేలు తిప్పాడు. వేలికి ఎర్రటి పొడి అంటింది. దాని వంక ఒక క్షణం చూశాడు. తలెత్తి బెంచీ చివరనున్న టిఫిన్ క్యారియర్ వంక చూశాడు. వేలిని గబుక్కున ప్యాంటుకు తుడిచేసుకున్నాడు.

“అవును,” అన్నాడు. “డూప్లికేట్ మాలే. తెలిసే ఇచ్చిన.”

మాజిద్ ఇది అనుకోలేదు. అతను కొట్లాడటానికి వచ్చాడు గానీ గెలవడానికి కాదు. స్టూలు వేసుకొని, పానా పట్టుకొని, బోర్డుకు అజయ్ పేరున్న వైపు బోల్టు తిప్పడం మొదలుపెట్టాడు.

మాజిద్ తల్లి జన్నత్ బీ అన్నం తెచ్చి అప్పటికి కాసేపయింది. రోజూ ఇద్దరికీ ఒకటే క్యారియర్. వాళ్లు లోపల తింటుంటే ఆమె బయట బండ్ల దగ్గర కావలి కూర్చుంటుంది. ఎండ పడి ఆ క్యారియర్ అద్దంలా మెరుస్తోంది.

“బోర్డు తర్వాత ఇప్పుకో బేటా. ఖట్టీ దాల్ సల్లారుతది,” అందామె. కొడుకు దిగలేదు. ఆమె రెండు పళ్లేల్లో వడ్డించి, ఒకటి అజయ్ చేతిలో పెట్టింది. అతను తినలేదు. “అజయ్ గసొంటి పని చేసేటోడు కాదు. నువ్వే సరిగ్గ చూసుకోలే,” అని కొడుకును తిట్టి, మూతి ముడుచుకొని, ఖాళీ గిన్నెలు తీసుకొని మడిగె వెనక నల్లా దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పుడే ఎర్రయ్య బండి నెట్టుకుంటూ వచ్చాడు. అది కూడా ముందు షాకప్పే.

“ఆ సీళ్లు అమ్మినోన్ని అడుగు,” అన్నాడు మాజిద్ స్టూలు మీద నుంచే.

“సీళ్లెక్కడియి? నేను చైన్ కోసం కదా బండి ఇడిచిపోయింది. షాకప్పులు నువ్వు ముట్టనే లేదు.”

పానా ఆగిపోయింది.

మాజిద్ దిగి వచ్చి ఎర్రయ్య బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. రాడ్లు కొత్తవాటిలా తళతళలాడుతున్నాయి. వెలుతురుకు అడ్డంగా చూస్తే సన్నటి గీతలు. రోడ్డు దుమ్ముకు పడే గీతలు పైనుంచి కిందికి ఉంటాయి. ఇవి రాడ్ చుట్టూ తిరిగాయి. అంటే ఇది మనిషి చేతి పని. రబ్బరు మూత లేపాడు. లోపల ఎర్రటి పొడి. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది.

“ఇటుక పొడి,” అన్నాడు. “ఎవరో దీన్తోని రాడ్లు తోముతున్నరు. గిది లోపలికి జారి సీళ్లను కోస్తున్నది.”

లేచి అజయ్ ఎదురుగా నిలబడ్డాడు.

“ఎర్రయ్య బండికి నీ మాలే పడలే. మరి చెయ్యని తప్పు ఎందుకు ఒప్పుకున్నవ్?”

అజయ్ పళ్లెంలో అన్నం కలుపుతూ కూర్చున్నాడు.

“పొద్దంత నేనుంట. మనం తినేటప్పుడు అమ్మి కావలుంటది. గింత కావలిల దొంగ ఎట్ల చొచ్చిండు? నువ్వు చూసినవ్. ఎవరిని కాపాడుతున్నవ్?”

సారయ్య కుంటుకుంటూ లేచాడు. “పేరు చెప్పు అజయ్. గా చెయ్యి ఇరగ్గొడితే గని మా కొమురవ్వ ఇంటికి రాదు,” అని గొంతు పెంచాడు.

అజయ్ మడిగె వెనక్కి చూశాడు. నల్లా దగ్గర గిన్నెలు బరబరా తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

“జర మెల్లగ మాట్లాడన్నా, అమ్మి వింటది,” అన్నాడు. “తోమేది ఆమెనే.”