అన్న నీడను దాటిన పొద్దు

ఆ పొద్దున మబ్బులు దుక్కి చాళ్లలా బారులు తీరి ఉన్నాయి. మారథాన్‌లో ప్రతి ఒక్కరి ముందూ వెలుగుతో చేసిన నీడ పరిగెత్తి వేగం చూపించే కాలమిది. ఆ రోజు పరుగుకు మా చెల్లెలు ఓబుళమ్మ నా నీడనే కోరుకుంది. కాలు పోకముందు నేను పరిగెత్తిన పరుగును పట్టి చేసిన నీడ అది.

"మొదట దాని వెనకే నిదానంగా పో. చివరి మిట్ట కాడ అది అలిసిపోతాది, అప్పుడు దాటుకో," అన్నాను.

"నిన్ను దాటేదెట్లన్నా?"

"నేను ఈడే ఉండా గదమ్మే!"

ఊతకర్రతో చివరి మిట్ట మీద నిలబడి చూశాను. నా నీడ తడబడింది. ఓబుళమ్మ కాసేపు దాని పక్కనే పరిగెత్తింది. తర్వాత నావైపు చూసి, దాటిపోయింది.

ఇంటికొచ్చాక, పరుగుల రోజుల్లో అమ్మ నాకు పెట్టే పెద్ద సంకటి ముద్దను ఓబుళమ్మ కంచంలో పెట్టాను. ఇద్దరం కూచొని తిన్నాం.