మంచం పక్క చుక్క

ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, ఆమె కంప్యూటర్ తెర మీది చుక్కల్ని చూస్తూ కూర్చుంది. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక చుక్క. "ఉన్నావా?" అని కంప్యూటర్ అడుగుతూనే ఉంటుంది. "ఉన్నా" అంటే పచ్చ, పలక్కపోతే ఎరుపు. ఎర్రబడితే చేతిలో పని వదిలేసి పరిగెత్తాలి. నెట్‌వర్క్ నిర్వహణకు ఆ రంగం పెద్దలు గీసిన నమూనాలో అన్నిటికన్నా ముందుండేది లోపం పట్టడమే.

తెర మూలనున్న పచ్చ చుక్క పై వార్డులో ఉన్న నాన్న మంచం పక్క యంత్రానిది. నాన్నకు ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆమె ఆయన్ను ఎక్కువగా చూసింది ఆ చుక్కలోనే. పైకి వెళ్దామని లేచినప్పుడల్లా ఇంకెక్కడో ఎరుపు. కాళ్లు పీకేస్తున్నాయి.

ఆ మధ్యాహ్నం నాన్న చుక్క ఎర్రబడింది.

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. నాన్న దిండుకు ఆనుకుని తీరిగ్గా కూర్చున్నాడు. యంత్రం వెనక ఉండాల్సిన నెట్‌వర్క్ వైరు ఆయన చేతిలో ఉంది.

"నువ్వే పీకావా నాన్నా? నా గుండె ఆగినంత పనైంది!"

"ఏం చెయ్యనే మరి? ఎర్రబడితే పరిగెత్తుతానని నువ్వేగా చెప్పావు. పచ్చగా ఉన్నంతకాలం తొంగి కూడా చూడవు."

ఆమె వైరు మళ్లీ గుచ్చింది. వెంటనే ఫోన్ మోగింది. కింది గది నుంచి పై అధికారి.

"పచ్చబడిందమ్మా, ఇక వచ్చెయ్."

ఆమె స్టూలు మంచం దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"లోపం ఇంకా పోలేదు సార్. కాసేపు పట్టేట్టుంది."