మూడో రికార్డింగు

అతను ముక్కు చీదాడు.

మామూలు చీదుడు కాదు. కిటికీ అద్దం వణికింది. బయట రోడ్డు మీద ఓ లారీ పక్కకు తప్పుకుని దారిచ్చింది.

చీదిన కాగితాన్ని ఉండచుట్టి బల్ల మీద పెట్టాడు. అక్కడ అప్పటికే తడి ఉండలు గుట్టగా ఉన్నాయి. ఏదో పక్షి గుడ్లు పెట్టి, వెనక్కి తిరిగి చూసుకుని, రోత పుట్టి ఎగిరిపోయినట్టుంది. ఎదురు కుర్చీలో ఆమె తల కాస్త పక్కకు వంచి "ఊఁ" అంది.

తల వంచడం, ఊఁ కొట్టడం. ఇన్ని వారాలుగా ఈ గదిలో ఆమెకు ఒంటబట్టిన విద్య అదొక్కటే.

"ఏం చెప్పమంటావక్కా. మా మేడమ్ నన్ను చూస్తే కూరలో పురుగును చూసినట్టు చూస్తుంది."

"అలా చూస్తే నీకేమనిపిస్తుంది తమ్ముడూ?"

"పురుగులాగే అనిపిస్తుంది."

మళ్ళీ చీదాడు. ఈసారి సగం కాగితంలోకి, సగం కుర్చీ చేతి మీదకి. దాన్ని అరచేత్తో తుడిచి, అరచేతిని ప్యాంటుకు తుడిచాడు. ఆమెకు పొద్దున తిన్నది గొంతు దాకా వచ్చి, పలకరించి, వెనక్కి వెళ్ళింది.

గది కూడా అతనికి తగ్గట్టే ఉంది. గోడ మీద జలపాతం బొమ్మ, దాని మీద నిజం చెమ్మ. మూలన ప్లాస్టిక్ మొక్క. దానికెవరో పుణ్యాత్ములు రోజూ నీళ్ళు పోస్తున్నట్టున్నారు, కుండీలో దోమలు మూడు తరాలుగా కాపురముంటున్నాయి. తలుపు మీద "మీ మాట మాకు ముఖ్యం" అన్న కాగితం. దాని మీద ఎవరో చూయింగ్ గమ్ అంటించారు.

బల్ల మీద, ఉండల పక్కనే, రికార్డర్. అది ఇంకా వెలగలేదు.

అసలు గొడవంతా దానితోనే. ఈ క్లినిక్కులో థెరపిస్టు ట్రైనీ అంటే జీతమిచ్చి చదివించే సీటు. పీజీ ఫీజు సర్కారే కడుతుంది, నెల తిరిగేసరికి జీతమూ వేస్తుంది. ఆ ఒక్క సీటుకు ఊరు ఊరంతా అప్లై చేసింది, వీధికుక్కలు కూడా ఫొటోలు దిగాయని వినికిడి. బదులుగా ట్రైనీ చేయాల్సింది ఇంతే: ఇక్కడ పేషెంట్లను చూడాలి, ఒక సెషన్ రికార్డు చేసి పరీక్షకులకు పంపాలి. ఇప్పటికి రెండు పంపితే రెండూ తిరిగొచ్చాయి. మొదటిదాంట్లో ఏడుపు మరీ ఎక్కువైందన్నారు. రెండోదాంట్లో అసలు మాటే లేదన్నారు. ఇవాళ్టిది మూడోది. ఆఖరిది కూడా. ఇదీ తిరిగొస్తే సీటు ఊడుతుంది.

సీటు ఊడితే ఆమె కూడా మొదటికొస్తుంది. మళ్ళీ అదే క్యూ, అదే ఎదురుచూపు. ఈ కుర్చీలో కూర్చోడానికే ఏడాది పైన పట్టింది.

"రికార్డర్ పెట్టేసుకుందామా?" అంది, వీలైనంత మెత్తగా.

"ఆగక్కా. ముందు ఇది కక్కేస్తాను. రికార్డులో వద్దు."

కక్కాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న అన్న మాట దగ్గర మొదలెట్టాడు. "నీకు నోరే తప్ప చెవుల్లేవురా, ఎందుకూ పనికిరావు" అన్నాడట. అక్కణ్ణుంచి పెళ్ళికొప్పుకోని పిల్ల దగ్గరికి, అటునుంచి ఇల్లు ఖాళీ చేయమన్న ఓనరు దగ్గరికి. "రోజంతా ఎదురుగా కూర్చున్నవాళ్ళ తిట్లూ శాపనార్థాలూ పడాలి. నా గోడు ఎవడిక్కావాలక్కా?" అంటూ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అదే చెయ్యి. కుర్చీ తుడిచిన చెయ్యి.

ఆమె లాక్కోలేదు. ఈ చేతిని ఇక కడగడం కాదు, నానబెట్టి ఉతికి ఆరేయాలనుకుంది. తనకు నిద్రపట్టి ఎన్ని రాత్రులైందో లెక్క తప్పింది. ఆ సంగతి ఈ గదిలో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

గడియారం చూసింది. మిగిలింది రికార్డింగుకు బొటాబొటిగా సరిపోయే టైమే.

"తమ్ముడూ, ఇటు చూడు," అంది. గొంతులో మెత్తదనం కొంచెం తగ్గింది. "ఇది కూడా పోతే మళ్ళీ ఆ లైన్లో నిలబడే ఓపిక నాకు లేదు. చెప్పినట్టు చెయ్. కళ్ళు మూసుకో. ఊపిరి లోపలికి తీసుకో. మెల్లిగా. ఇప్పుడు వదులు."

"ముక్కు మూసుకుపోయిందక్కా."

"నోటితో తీసుకో నాయనా."

తీసుకున్నాడు. వదిలాడు. ఆ గాలికి ఉండల్లో ఒకటి దొర్లి ఆమె ఒళ్ళో పడింది. ఆమె దాన్ని రెండు గోళ్ళ కొసలతో పట్టుకుని, పసిపాపను పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా తిరిగి గుట్ట మీద పెట్టింది. ముఖంలో చిరునవ్వు చెదరలేదు. దవడ మాత్రం కొంచెం నొప్పెట్టింది.

కాసేపటికి అతని భుజాలు కిందికి దిగాయి.

"నీ మాట చలవ అక్కా. బరువంతా దిగిపోయింది."

"సంతోషం. ఇక మొదలెడదామా?"

"పెట్టేద్దాం."

రికార్డర్ మీద ఎర్ర లైటు వెలిగింది. ఆమె ఒడిలో చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

అతను కాలరు సర్దుకుని, ఆఖరుసారి ముక్కెగబీల్చి, తల కాస్త పక్కకు వంచి, మైకులో స్పష్టంగా పలికాడు: "నమస్కారమమ్మా, నేను మీ థెరపిస్టుని. చెప్పండి, ఈ వారమన్నా నిద్ర పడుతోందా?"